సూర్యలంక నీళ్లతో పొగ కడగడం ఎలా

మొన్న జనవరిలో మా చెల్లెలి మనవరాలు ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చింది. గుంటూరులోనే బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్. చేతిలో థర్మోకోల్‌తో చేసిన పొగగొట్టం, దాని పక్కన నీలం రంగు వేసిన ట్రే. "తాతయ్యా, పొగలో ఉన్న సల్ఫర్‌ని సముద్రం నీళ్లతో తీసేసే మోడల్ ఇది. నువ్వు ప్లాంటులో ఇదే పని చేశావట కదా, ఒకసారి చూడు" అంది.

చూశాను. పొగ వస్తుంది, నీళ్లు పడతాయి, పొగ శుభ్రం అవుతుంది. బాణం గుర్తులన్నీ బాగానే ఉన్నాయి. "పొగలోని విషం నీళ్లలోకి వచ్చేసింది కదా, మరి ఆ నీళ్లు ఎక్కడికి పోతాయమ్మా?" అని అడిగాను. "సముద్రంలోకే" అంది. "అలాగేనా? చెంబుతో తెచ్చినట్టు తెచ్చి, అలాగే పోసేయడమేనా?" ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను థర్మల్ ప్లాంట్ల కెమిస్ట్రీ ల్యాబుల్లో 31 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 14 ఏళ్లు సముద్రం ఒడ్డున. పొగని పట్టడం సగం పనే, అదీ తేలికైన సగం. పట్టిన నీళ్లని చేపలు బతికే నీళ్లుగా మార్చి తిరిగి ఇవ్వడం రెండో సగం. మోడల్ చేసేవాళ్లు, అప్పుడప్పుడు ప్లాంటు కట్టేవాళ్లు కూడా, ఆ రెండో సగాన్నే మర్చిపోతారు. అందుకని థర్మోకోల్ పక్కన పెట్టించి, నిజంగా పనిచేసే బల్లమీది మోడల్ ఒకటి చేయించాను. ఎలా చేశామో, ఎక్కడ తప్పు పోయామో చెబుతాను. మీ పిల్లలెవరికైనా పనికొస్తుంది.

ముందు సంగతి అర్థం కావాలి. బొగ్గులో కొంచెం గంధకం ఉంటుంది. కాలితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకి తగిలే ఆ ఘాటు. నీళ్లలో కరిగితే ఆమ్లం. సముద్రపు నీళ్లలో ఉప్పుతో పాటు బైకార్బొనేట్ కూడా ఉంటుంది, అంటే మన వంటసోడాలో ఉండేదే. ఆమ్లాన్ని అది విరిచేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోతుంది. విరిగాక నీళ్లలో మిగిలేదాన్ని సల్ఫైట్ అంటారు, దానికి గాలిలోని ఆక్సిజన్ తగిలితే సల్ఫేట్ అవుతుంది. సల్ఫేట్ సముద్రానికి కొత్త చుట్టం కాదు. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఎప్పుడూ ఉంటుంది. ఈ పద్ధతి మన దేశంలో కొత్తదేం కాదు, ముంబైలో ట్రాంబే థర్మల్ కేంద్రంలో 1988లోనే పెట్టారు.

ఇక నీళ్లు తేవడం. గుంటూరు వాళ్లకి సూర్యలంక దగ్గర, బాపట్ల దాటి తొమ్మిది కిలోమీటర్లు. విజయవాడ వాళ్లైతే బందరు మీదుగా మంగినపూడి వెళ్లవచ్చు. ఒడ్డున మోకాలి లోతులో పట్టకండి, ఇసుకే సగం వస్తుంది. అలాగని నడుం లోతుకి దిగకండి, సూర్యలంకలో ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోతున్నారు. పొద్దున్నే వేటకెళ్లి తిరిగొచ్చే పడవ వాళ్లని అడిగి, టీ డబ్బులిచ్చి, అలలు విరిగే చోటుకి అవతల డబ్బా నింపి తెమ్మనండి. మాకు అలాగే తెచ్చిపెట్టారు. కాలువ కలిసే చోటు దగ్గర మాత్రం వద్దు, వానాకాలంలో అసలే వద్దు. అక్కడ దొరికేది సముద్రమూ కాదు, ఏరూ కాదు. 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను ఒకటి చాలు. పైదాకా నింపి, మూత బిగించి, నీడలో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయండి.

టిన్ను కొత్తదో, మంచినీళ్లు తప్ప ఇంకేమీ పోయనిదో అయ్యుండాలి. ఎందుకంటే పిల్లలు మొదటిసారి తెచ్చిన నీళ్లు పరీక్షిస్తే క్షారం, అంటే ఆమ్లాన్ని విరిచే శక్తి, సగం కూడా రాలేదు. సముద్రం పాడైందేమో అని ఒకమ్మాయి కంగారు పడింది. నాకు అనుమానం వచ్చి డబ్బా మూత తీసి వాసన చూశాను. నిమ్మకాయ ఊరగాయ! వాళ్ల అమ్మమ్మ సంవత్సరం పొడుగునా పచ్చడి పెట్టిన డబ్బా, ఎంత కడిగినా ప్లాస్టిక్ ఆ పులుపు వదల్లేదు. ఇంకోసారి బాపట్ల బస్సెక్కారు.

క్షారం కొలవడం ఈ మోడల్‌లో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క. దాన్ని బట్టే మిగతావన్నీ. కాలేజీ ల్యాబ్‌లో 100 మిల్లీలీటర్ల సముద్రపు నీళ్లు ఫ్లాస్కులోకి తీసుకుని, ఆమ్లం తగిలితే రంగు మారే మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేయండి. పసుపు రంగు వస్తుంది. బ్యూరెట్‌లో (గీతలున్న కొలత గొట్టం) 0.02 నార్మల్ గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి చుక్క చుక్కగా వదలండి. పసుపు కాస్తా నారింజలోకి తిరిగి, అక్కడి నుంచి ఎర్రగా మారబోయే చోట ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే గులాబీ అయిపోతుంది, మళ్లీ మొదలు. పక్కన మామూలు నీళ్లలో అదే రంగు వేసి ఇంకో ఫ్లాస్కు పెట్టుకుంటే పోల్చుకోవడం సులువు. పడిన ఆమ్లం ఎన్ని మిల్లీలీటర్లో పదితో గుణిస్తే, లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానమో వస్తుంది. మాకు 11.6 పడింది, అంటే 116. సముద్రానికి 115, 120 దగ్గర ఉంటే నీళ్లు బాగున్నట్టు.

సరదాకి మా ఇంటి బోరు నీళ్లు కూడా పరీక్షించమన్నాను. 38 మిల్లీలీటర్లు తాగాయి! ముగ్గురూ నోరెళ్లబెట్టారు. "తాతయ్యా, మరి మన బోరు నీళ్లే మూడింతలు బలంగా ఉన్నాయి కదా, సముద్రం దాకా ఎందుకు వెళ్లడం?" అంది మా మనవరాలు. ఇలాంటి ప్రశ్న అడిగిందంటే పిల్లకి విషయం ఒంటబట్టిందన్నమాట. లెక్క వేసి చూద్దాం రమ్మన్నాను.

ఒక సల్ఫర్ డయాక్సైడ్ అణువు చివరికి సల్ఫేట్ అయ్యేలోపు రెండు బైకార్బొనేట్లను తినేస్తుంది. ఆ లెక్కన ఒక కిలో వాయువుని పూర్తిగా విరగ్గొట్టడానికి దాదాపు 13 వేల 500 లీటర్ల సముద్రపు నీళ్లు కావాలి. గ్రాముకి పదమూడున్నర లీటర్లు అని గుర్తుపెట్టుకోండి, మోడల్‌కి కూడా ఇదే అంకె. ఇప్పుడు 500 మెగావాట్ల యూనిట్ ఒకటి తీసుకోండి. గంటకి సుమారు 325 టన్నుల బొగ్గు. మన బొగ్గులో గంధకం తక్కువ, అర శాతం అనుకుందాం. గంటకి పదహారు వందల కిలోల గంధకం, కాలాక బరువు రెట్టింపై 3 వేల 200 కిలోల వాయువు. అందులో 90 శాతం పట్టాలంటే గంటకి సుమారు 39 వేల ఘనపు మీటర్ల నీళ్లు. ఇది కనీసం. ఏ బోరు ఇస్తుంది?

సముద్రం ఒడ్డు ప్లాంటులో ఈ నీళ్లు ప్రత్యేకంగా తోడక్కర్లేదు. టర్బైన్ దాటిన ఆవిరిని తిరిగి నీళ్లు చేసే కండెన్సర్‌ని చల్లబరచడానికి ఎలాగూ తోడతారు. ఈ సైజు యూనిట్‌కి సెకనుకి సుమారు 20 ఘనపు మీటర్లు. కృష్ణా డెల్టా లెక్కల్లో చెప్పాలంటే 700 క్యూసెక్కులు, ఒక మోస్తరు కాలువ. గంటకి 72 వేల ఘనపు మీటర్లన్నమాట. కావలసినదానికి దాదాపు రెట్టింపు. ఆ నీళ్లే కండెన్సర్ నుంచి బయటికి వస్తూ వస్తూ పొగని కడుగుతాయి. వాటిలో కలిసే కొత్త సల్ఫేట్ లీటరుకి 60 మిల్లీగ్రాములు, అంటే 2,700 కాస్తా 2,760 అవుతుంది.

అదే ఇబ్రహీంపట్నంలో ఉన్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రం సంగతి చూడండి, విజయవాడ వాళ్లు వీటీపీఎస్ అంటారు. దానికున్నది కృష్ణ నీళ్లు, కింద ప్రకాశం బ్యారేజీ, ఆ కింద తాగేవాళ్లు, పంటలు. తాగే నీళ్లలో సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. సముద్రానికి 60 లెక్కలోకి రాదు, నదికి అదే 60 చాలా పెద్ద సంగతి. కాబట్టి నది ఒడ్డు ప్లాంటుకి ఈ పద్ధతి పనికిరాదు. అలాంటి చోట సున్నపురాయి పొడి కలిపిన నీళ్లతో కడిగి జిప్సం తీస్తారు. సున్నపురాయికి మనకేం తక్కువ, పిడుగురాళ్ల పక్కనే ఉంది. ఎగ్జిబిషన్‌లో జడ్జీలు "మరి మన వీటీపీఎస్‌లో ఎందుకు పెట్టరు?" అని తప్పకుండా అడుగుతారు, జవాబు ఇదే అని పిల్లలకి చెప్పాను.

ఇప్పుడు వాయువు ఎక్కడి నుంచి తేవాలి. ఒకమ్మాయి వాళ్ల నాన్నగారికి పురుగుమందుల షాపు. మిరపలో బూడిద తెగులుకి కొట్టే గంధకం పొడి ప్యాకెట్ పట్టుకొచ్చి, కాల్చేద్దామంది. వద్దు. ఆ ప్యాకెట్‌లో గంధకం 80 శాతమే, మిగతా 20లో ఏమున్నాయో అవి కాలితే ఏమొస్తుందో మనకెందుకు. అసలు గంధకం కాల్చడమే వద్దు, ఎంత వాయువు వస్తుందో చేతిలో ఉండదు.

సోడియం మెటాబైసల్ఫైట్ వాడండి. ల్యాబ్ కెమికల్ షాపులో దొరుకుతుంది. సరిగ్గా ఒక గ్రాము తూచి ఫ్లాస్కులో వేయండి. దాని మీద పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఒక నార్మల్‌ది, 15 మిల్లీలీటర్లు చుక్కలుగా వదిలితే 0.67 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. చిన్న అంకె అని తేలిగ్గా తీసుకోకండి. అది పావు లీటరు వాయువు. పదడుగుల గదిలో వదిలితే పది లక్షల వంతుల్లో ఎనిమిది వంతులు దాటుతుంది, ఫ్యాక్టరీలో రోజంతా పనిచేసేవాళ్లకి పెట్టిన హద్దు రెండు. కళ్లు మండుతాయి, ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి పట్టేస్తుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. కాలేజీ ల్యాబ్‌లో వాయువుని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద, లెక్చరర్ గారు పక్కన నిలబడగా, కళ్లద్దాలు చేతి తొడుగులతో చేయాలి. ఆమ్లం వదిలేది ఆయనే, పిల్లలు కాదు. ఎగ్జిబిషన్ రోజు జనం ముందు వాయువు తీయొద్దు. ముందే ల్యాబ్‌లో చేసి, వీడియో తీసి, బల్ల మీద నీళ్లు మాత్రం చూపించండి.

వాయువుని నీళ్లతో కడిగే నిలువు గొట్టమే టవర్. దానికి రెండంగుళాల యాక్రిలిక్ గొట్టం, మీటరు పొడుగు. పారదర్శకంగా ఉంటే లోపల ఏం జరుగుతుందో కనపడుతుంది. డబ్బులు చూసుకోవాలంటే మామూలు పీవీసీ పైపు చాలు. అడుగున సింకులో వేసే ప్లాస్టిక్ జల్లెడ ముక్క. దాని మీద కరెంటు వైరింగుకి వాడే అరంగుళం పైపుని బొటనవేలి గోరంత ముక్కలుగా కోసి నింపండి. పిల్లలు ఒక సాయంత్రమంతా కోశారు, 400 దాకా అయ్యాయి. ఈ ముక్కలెందుకంటే నీళ్లు వాటి మీద పలచటి పొరలా జారుతాయి, పొరంతా వాయువుకి తగులుతుంది. ప్లాంటులో కూడా ప్లాస్టిక్ రింగులు ఇలాగే నింపుతారు, కాకపోతే మూడంతస్తుల ఎత్తు. పైన షవర్‌కి బిస్లరీ సీసా అడుగుని కోసి, వేడి సూదితో ముప్పై చిల్లులు పొడిస్తే సరి. ఇనప స్క్రూలు, బైండర్ క్లిప్పులు ఎక్కడా వాడకండి. మేము పెట్టిన ఒక్క క్లిప్పు నాలుగు రోజుల్లో పొట్టు రాలింది. ఉప్పూ ఆమ్లమూ కలిసిన చోట స్టీలు కూడా చిల్లులు పడుతుంది, ప్లాంటులో ఫైబర్, రబ్బరు పూతలు వాడేది అందుకే.

నీళ్లు పైకి ఎక్కించడానికి కూలర్ పంపు. బెజవాడ, గుంటూరుల్లో కూలర్ లేని ఇల్లు ఉండదు, జనవరిలో అది ఖాళీగానే ఉంటుంది. అయితే అది చాలా బలంగా తోడుతుంది, మనకి కావలసింది నిమిషానికి 300 మిల్లీలీటర్లే. గొట్టానికి T ఆకారపు జాయింటు ఒకటి పెట్టి, ఎక్కువ నీళ్లు తిరిగి బకెట్‌లోనే పడేట్టు, కొంచెమే టవర్‌కి వెళ్లేట్టు ట్యాపు తిప్పండి. అర లీటరు సీసా నిండడానికి వంద సెకన్లు పట్టాలి.

వాయువు కింద నుంచి, నీళ్లు పై నుంచి. చేపల తొట్టి ఎయిర్ పంపుతో ఫ్లాస్కులోకి గాలి ఊది, ఆ గాలితో వాయువుని టవర్ అడుగుకి పంపాలి. కింద నీళ్లు బయటికి వచ్చే చోట సింకు కింద ఉండే పీ-ట్రాప్ లాంటి వంపు పెట్టడం మర్చిపోకండి. మేము మర్చిపోయాం. వాయువు టవర్ ఎక్కడం మానేసి, నీళ్లతో పాటే కింద నుంచి, వాడిన నీళ్లు పట్టే రెండో బకెట్‌లోకి వచ్చేసింది. లెక్చరర్ గారు దగ్గుతూ పంపు కట్టేశారు. వంపులో నిలిచిన నాలుగంగుళాల నీళ్లే వాయువుకి తలుపు.

పైన బయటికి పోయే గాలి శుభ్రంగా ఉందో లేదో ఎలా తెలియాలి? దీనికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. పలచటి గంజి కొంచెం తీసుకుని, దానిలో రెండు చుక్కల బెటాడిన్ వేయండి. ముదురు నీలం రంగు వస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే ఆ నీలం మాయమవుతుంది. టవర్ పైనుంచి వచ్చే గొట్టాన్ని ఈ నీలం నీళ్ల సీసాలో ముంచి ఉంచండి. మొదట నీళ్లు వదలకుండా వాయువు పంపితే నిమిషంలోపే తెల్లబడింది. తర్వాత కొత్త సీసా పెట్టి, నీళ్లు వదిలి పంపితే పది నిమిషాలైనా నీలం అలాగే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చాలా మోడళ్లు ఇక్కడే ఆగిపోతాయి.

ఈ పది నిమిషాల్లో మూడు లీటర్ల నీళ్లు టవర్ దాటి కింద బకెట్‌లో చేరాయి. పీహెచ్ చూడమన్నాను, అది ఏడు కంటే ఎంత తగ్గితే నీళ్లు అంత పులుపు. తెచ్చినప్పుడు 8.1, ఇప్పుడు 3. నిమ్మరసం అంత కాకపోయినా దానికి చుట్టమే. ఈ నీళ్లని ఇలాగే వదిలితే చేపలు చస్తాయి.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు ఈ పుల్లటి నీళ్లని మామూలు సముద్రపు నీళ్లతో కలపాలి, తర్వాత గాలి ఊదాలి. తిరగేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. ఒక రాత్రి షిఫ్టులో సముద్రం నుంచి నీళ్లు తోడే చోట జల్లెడలకి జెల్లీఫిష్‌లు గుంపులు గుంపులుగా వచ్చి అతుక్కున్నాయి. ఒక పంపు ట్రిప్ అయింది. టవర్‌కి వెళ్లే నీళ్లు వెళుతూనే ఉన్నాయి, దానితో కలవాల్సిన మామూలు నీళ్లు మాత్రం పడిపోయాయి. రెండూ కలిపి గాలి ఊదే పెద్ద తొట్టి, బేసిన్ అంటాం, అందులో పీహెచ్ నాలుగుకి దిగింది. ఆపరేటర్ ఫోన్ చేసి "సార్, ఏం చేయమంటారు?" అన్నాడు. నిద్రమత్తులో "ఇంకో బ్లోయర్ స్టార్ట్ చెయ్యి" అన్నాను, గాలి ఊదే యంత్రం అది. ఎక్కువ గాలి, ఎక్కువ శుభ్రం అని నా లెక్క. పది నిమిషాల్లో బేసిన్ మీద నిలబడలేనంత ఘాటు. అంత పుల్లటి నీళ్లలోకి గాలి ఊదితే సల్ఫైట్ సల్ఫేట్ కాకముందే వాయువై మళ్లీ పైకి లేస్తుంది. లక్షలు ఖర్చుపెట్టి పొగ నుంచి తీసింది నేనే గాలిలో కలిపాను. బ్లోయర్ ఆపించి, యూనిట్ లోడ్ తగ్గించి, జల్లెడలు కడిగి, రెండో పంపు పెట్టేసరికి తెల్లారింది. ఆ రిపోర్టులో కారణం గడిలో నా పేరే రాసుకున్నాను.

కాబట్టి మీ మూడు లీటర్ల పుల్లటి నీళ్లని పెద్ద టబ్బులో, ముట్టుకోకుండా ఉంచిన 15 లీటర్ల సముద్రపు నీళ్లతో కలపండి. గ్రాముకి పదమూడున్నర లీటర్ల లెక్కన 0.67 గ్రాములకి తొమ్మిది లీటర్లు చాలు, మన దగ్గర 18 ఉన్నాయి. ప్లాంటులో ఉన్నట్టే రెట్టింపు. కలపగానే పీహెచ్ 6.1. సరిపోయిందిలే అని ఒకమ్మాయి సామాను సర్దబోయింది. గంజి నీలం ఇందులో ఒక చుక్క వేయమన్నాను. ఠక్కున రంగు పోయింది. అంటే సల్ఫైట్ ఇంకా ఉంది. అది నీళ్లలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది. లెక్క చూడండి: 0.67 గ్రాముల వాయువు సల్ఫేట్ కావాలంటే బరువులో నాలుగో వంతు ఆక్సిజన్ కావాలి, అంటే 167 మిల్లీగ్రాములు. 18 లీటర్ల సముద్రపు నీళ్లలో కరిగున్న ఆక్సిజన్ మొత్తం కలిపినా 110 దగ్గరే. టబ్బులో ఉన్న ఊపిరంతా లాక్కున్నా ఇంకా బాకీ. పీహెచ్ బాగుంది కదా అని వదిలేస్తే చేపకి ఆమ్లం బాధ తప్పుతుంది, ఊపిరాడక పోతుంది.

చేపల తొట్టిలో వేసే గాలి రాళ్లు నాలుగు టబ్బు అడుగున పరిచి, రెండు ఎయిర్ పంపులు పెట్టండి. ఐదు నిమిషాలకోసారి పీహెచ్ రాసుకోండి, గంజి చుక్క వేసి చూడండి. మొదట పీహెచ్ పెరగదు, తగ్గుతుంది! మాకు 6.1 నుంచి 5.9కి దిగింది. పిల్లలకి టెన్షన్ పట్టుకుంది, ఏదో పాడుచేశామని. పాడవలేదు. సల్ఫైట్ సల్ఫేట్‌గా మారేటప్పుడు ఇంకొంచెం ఆమ్లం విడుదలవుతుంది, అందుకే ఆ పల్లం. ఆ పల్లం కనపడిందంటే ఆక్సిజన్ తన పని మొదలుపెట్టినట్టే. తర్వాత నెమ్మదిగా ఎక్కడం మొదలైంది. గాలి బుడగలు కార్బన్ డయాక్సైడ్‌ని మోసుకుపోతుంటాయి, సోడా సీసా మూత తీసి ఉంచితే గ్యాస్ పోయినట్టు. ఇరవయ్యో నిమిషానికి 6.5. ముప్పై ఐదో నిమిషంలో గంజి చుక్క వేస్తే నీలం నీలంగానే నిలిచింది. గంటకి 7.4. తీర సముద్రంలోకి వదిలే నీళ్లకి మన దేశంలో సాధారణ హద్దు 5.5 నుంచి 9. కలిపినప్పుడే ఆ హద్దులో ఉన్నాం, గుర్తుందా? అందుకే పీహెచ్ ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దని నా పట్టు.

ఈ అంకెలతో గ్రాఫు కాగితం మీద గీత గీయించాను. థర్మోకోల్ పొగగొట్టం కంటే ఆ వంకర గీతే జడ్జీలకి నచ్చిందట, దాని దగ్గరే పది నిమిషాలు నిలబడ్డారట.

ఇంకో మాట కూడా మోడల్ పక్కన రాయించాను. పొగలో గంధకం ఒక్కటే ఉండదు. బూడిద ఉంటుంది, అందులో పాదరసం లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. బూడిదని ముందే కరెంటుతో పట్టే యంత్రంలో ఆపకపోతే అదంతా నీళ్లతో సముద్రంలోకే. ఓడల్లో గొడవ కూడా ఇక్కడే వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం అర శాతం మించకూడదన్నారు, లేదంటే పొగని కడగాలి. చాలా ఓడలు సముద్రపు నీళ్లతో కడిగి అక్కడికక్కడే పోసేస్తున్నాయి. ఓడలో గాలి ఊదే బేసిన్ ఎక్కడ పెడతారు? సింగపూర్ లాంటి కొన్ని రేవులు తమ దగ్గర అలా పోయడానికి వీల్లేదన్నాయి. సముద్రం పెద్దదే కానీ రేవు చిన్నది.

పనయ్యాక 18 లీటర్ల నీళ్లని మొక్కలకి పోయకండి. అవి ఎంత శుభ్రమైనా ఉప్పునీళ్లే, తులసి మొక్క వారంలో మాడిపోతుంది. ల్యాబ్ సింకులో మంచినీళ్ల ట్యాపు విప్పి నెమ్మదిగా వదిలేయండి. ఫ్లాస్కులో మిగిలిన ఆమ్లాన్ని వంటసోడాతో పొంగు ఆగేదాకా విరిచి, అదీ హుడ్ కిందే, తర్వాత పారబోయాలి. కూలర్ పంపుని మాత్రం బకెట్ మంచినీళ్లలో పెట్టి అరగంట తిప్పండి, తర్వాత ఆ నీళ్లు మార్చి ఇంకోసారి. మేము ఒక్కసారే కడిగాం. మార్చిలో మా ఆవిడ కూలర్ స్విచ్ వేస్తే గుర్రుమని శబ్దం వచ్చింది గానీ చుక్క నీరు పైకి ఎక్కలేదు. విప్పి చూస్తే రెక్క చుట్టూ ఉప్పు గడ్డకట్టి ఉంది. కొత్త పంపు డబ్బులు మనవరాలి ప్రైజు మనీలోంచి ఇప్పించమని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది.